వంటింట్లో వృథాగా పోతున్న నీరు

ఎల్‌ఈడీ బల్బులు, గుడ్డ సంచులు వాడాలంటూ, ఇంట్లో పర్యావరణాన్ని కాపాడుకోవడంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త చేసిన సూచనలతో ఏకీభవిస్తూనే, నీటి సంగతి కూడా చేర్చవలసిందని కోరుతున్నాను. ఆర్‌ఓ (రివర్స్ ఆస్మాసిస్) నీటిశుద్ధి యంత్రంలో సన్నని వడపోత పొరను దాటలేని లవణాలన్నీ మిగిలిన నీటిలో చేరి వేరే గొట్టం గుండా సింకులోకి పోతాయి. చాలా ఇళ్లలో తాగేందుకు దక్కే నీటికంటే ఇలా పోయేదే ఎక్కువ. మేము ఆ గొట్టాన్ని బకెట్టులో పెట్టి, ఆ నీటితోనే ఇల్లు తుడుస్తున్నాం, మరుగుదొడ్డి కడుగుతున్నాం. లవణాలు ఎక్కువ కనుక రోజూ మొక్కలకు పోయడం మాత్రం మంచిది కాదు. మా కరివేపాకు చెట్టుకు బియ్యం కడిగిన నీళ్లే పోస్తాం. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం భారతీయ తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఆమోదయోగ్యమే కాబట్టి, ఫ్లోరైడ్ పీడించిన నల్గొండ వంటి ప్రాంతాల మాట అటుంచితే, ముందుగా కుళాయి నీటిని పరీక్ష చేయించి, అవసరమని తేలితేనే ఆర్‌ఓ కొనడం మంచిది.