కళ్లార్పే ప్రతి పిల్లవాడికీ పాండాస్ అంటగట్టవద్దు

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది: పిల్లలు పదేపదే కళ్లు ఆర్పుతున్నారంటే, గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకాక వారి రోగనిరోధక వ్యవస్థ మెదడుపై దాడి చేస్తున్నట్టే (పాండాస్ అంటే ఇదే), ఆ బ్యాక్టీరియాపై తయారైన యాంటీబాడీలను కొలిచే ఏఎస్ఓ రక్తపరీక్షతో అది రుజువవుతుంది, నెలల తరబడి యాంటీబయాటిక్ వాడాలి, లేదా టాన్సిల్స్ తీయించాలి, ఆలస్యం చేస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతింటుంది.

ఇది పూర్తిగా కల్పన కాదు, చిక్కంతా అక్కడే ఉంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో సూసన్ స్వీడో బృందం 1998లో 50 మంది పిల్లల వివరాలతో పాండాస్ అనే స్థితిని వర్ణించింది. స్ట్రెప్టోకాకస్‌ను ఎదుర్కోవడానికి తయారైన యాంటీబాడీలు, మెదడులో కదలికలను అదుపుచేసే బేసల్ గాంగ్లియా అనే భాగంలోని కణాలను కూడా శత్రువులుగా పొరబడతాయన్నది ఆ ప్రతిపాదన. అయితే ఆ బృందం పెట్టిన షరతులను సందేశం రాసినవారు వదిలేశారు. టిక్‌లు (అనుకోకుండానే పదేపదే వచ్చే కదలికలు, శబ్దాలు) గానీ, వదలని ఆలోచనలూ చేసిందే చేయడాలూ గానీ యౌవనానికి ముందే, ఉన్నట్టుండి విరుచుకుపడాలి. విడతలు విడతలుగా తీవ్రం కావాలి. ఆ విడతలకూ ఇన్ఫెక్షన్‌కూ కాలసంబంధం కనబడాలి. ఆ సమయంలో నరాల పరీక్షలో తేడాలుండాలి.

ఇక కళ్లార్పడం సంగతి. బడి వయసు పిల్లల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక టిక్ కనిపిస్తుంది, వాటిలో కళ్లార్పడమే అతి సాధారణం, ఎక్కువ భాగం ఏడాదిలోపే వాటంతటవే పోతాయి. అసలు అది టిక్కే కాకపోవచ్చు: అలర్జీ, కంటి పొడిబారడం, రెప్పల వాపు, అద్దాలు అవసరమైన చూపు, మెల్లకన్ను, వీటన్నిటికీ పిల్లలు కళ్లే ఆర్పుతారు. కాబట్టి రక్తపరీక్ష కంటే ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లడమే సబబు.

ఏఎస్ఓ రుజువు చేసేది చాలా తక్కువ. ఇన్ఫెక్షన్ తర్వాత మూడు నుంచి ఆరు వారాల్లో గరిష్ఠానికి చేరే ఈ సంఖ్య నెలల తరబడి ఎక్కువగానే ఉండవచ్చు. గొంతునొప్పులు మామూలైన బడి పిల్లల్లో అది పెరిగి ఉండటంలో వింత లేదు. ఒక్కసారి తీసిన ఫలితం ఆ బిడ్డకు ఎప్పుడో స్ట్రెప్టోకాకస్ సోకిందని మాత్రమే చెబుతుంది, కళ్లార్పడానికి అదే కారణమని చెప్పదు.

కారణ సంబంధం మీదే పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు. 10 లక్షలకు పైగా పిల్లలను పరిశీలించి 2017లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలో స్ట్రెప్టోకాకస్ పాజిటివ్ వచ్చినవారిలో టిక్‌లు కొంత ఎక్కువ కనిపించిన మాట నిజం. కానీ ఆ క్రిమి లేని గొంతు ఇన్ఫెక్షన్ల తర్వాత కూడా మానసిక రుగ్మతల ముప్పు, తక్కువ స్థాయిలోనైనా, పెరిగింది. దీర్ఘకాలిక టిక్‌లున్న 715 మంది ఐరోపా పిల్లలను గమనిస్తూ వచ్చి 2021లో ప్రచురించిన అధ్యయనంలోనైతే, స్ట్రెప్టోకాకస్ సోకడానికీ టిక్‌లు తీవ్రం కావడానికీ సంబంధం దొరకలేదు.

అలాంటప్పుడు నెలల తరబడి యాంటీబయాటిక్ ఇవ్వమనడం దుడుకుతనం. పరీక్షలో నిర్ధారణ అయిన స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పికి పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ పూర్తిగా 10 రోజులు వాడాలి. మధ్యలో మానేయడమే మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. స్ట్రెప్టోకాకస్ సోకాక గుండెను దెబ్బతీయగల రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు ఏళ్ల తరబడి పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చేది గుండె కవాటాలను కాపాడటానికి, దానిని చూపి టిక్‌లకూ అదే పద్ధతి అనడం కుదరదు. కేవలం కళ్లార్పుతున్నారని టాన్సిల్స్ తీయించడానికి ఆధారమే లేదు. మామూలు టిక్‌ల వల్ల మెదడు దెబ్బతింటుందన్నది ఒట్టి బెదిరింపు. ఇబ్బంది పెట్టే టిక్‌లకు ప్రవర్తనా చికిత్స ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి.

ఆలస్యం చేయకూడని సందర్భాలు వేరే ఉన్నాయి. బాగున్న బిడ్డ ఒకటి రెండు రోజుల్లోనే తిండి మానేసినా, చేతులు కడిగిందే కడుగుతున్నా, విపరీతంగా భయపడుతున్నా, చేతిరాత చెడిపోయినా, చేతులూ కాళ్లూ క్రమం లేకుండా, ఆపుకోలేని విధంగా కదులుతున్నా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. ఆ చివరిది రుమాటిక్ జ్వరంలో భాగంగా వచ్చే సిడెన్‌హామ్ కొరియా అనే కదలికల జబ్బు కావచ్చు. అప్పుడు గుండెకు ఎకో పరీక్ష కూడా చేయించాలి.