అవగాహన కల్పించడం సరే, లెక్క అడగడం ఎప్పుడు?

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లకి వైవాల సీజన్ వచ్చేసరికి ఒక వాక్యం నోటికి వచ్చేస్తుంది. "ఈ రోజు గ్రామ ప్రజలకు ప్లాస్టిక్ వాడకంపై అవగాహన కల్పించాము." కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు (సీఎస్పీ) లాగ్‌బుక్‌లో తేదీ మారుతుంది, వాక్యం మారదు. ప్లాస్టిక్ అయ్యాక డెంగీ, డెంగీ అయ్యాక డిజిటల్ చెల్లింపులు. పక్క పేజీలో ఫొటో అతికించి ఉంటుంది: నలుగురు పిల్లలు, చేతుల్లో బ్యానర్, వెనకాల గుడి అరుగు మీద కూర్చున్న ముసలాళ్లు. ప్లాస్టిక్ వద్దని చెప్పే ఆ బ్యానరేమో ఫ్లెక్సీ! ఆ సంగతి చూసి నవ్విన విద్యార్థి నాకింతవరకూ తగల్లేదు. నిజం చెప్పొద్దూ, మొదటి రెండేళ్లూ నేనూ గమనించలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో మొదటి ఏడాది అయ్యాక ఊళ్లో చేయాల్సిన రెండు నెలల పని ఈ సీఎస్పీ. 180 గంటలు, 4 క్రెడిట్లు. మిగతా ఎనిమిది నెలలూ ఉద్యోగానికి పనికొచ్చే శిక్షణ కోసం. దీన్ని ఎత్తేయాలనేవాళ్లలో నేను లేను. 1969లో, గాంధీ శతజయంతి ఏడాది, మొదలైన జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) ఇష్టపడి చేరినవాళ్లకే. అదీ ఇప్పుడు చాలాచోట్ల కాలేజీ ఆవరణలో పిచ్చిమొక్కలు పీకే రోజుకి కుదించుకుపోయింది. సీఎస్పీ అలా కాదు, ప్రతి ఒక్కరూ వెళ్లాలి, మార్కులుంటాయి. రాష్ట్రంలోని డిగ్రీ పిల్లలందర్నీ ఇలా జనం మధ్యకి పంపే ఏర్పాటు నాకు తెలిసి అంతకుముందు లేదు.

వాళ్లని ఊళ్లోకి ఏమని పంపుతున్నాం అన్న దగ్గరే నా పేచీ. "అవగాహన కల్పించడం" అన్నామంటే తెలిసినవాడు ఒకడు, తెలియనివాడు ఇంకొకడు అని ముందే తేల్చేసినట్టు. మా పిల్లల్లో ఎక్కువమంది ఆ ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల అమ్మలు ఉపాధి పనికి వెళ్లినవాళ్లు, నాన్నలు బోరు ఎండిపోయి చీనీ తోట వదిలేసుకున్నవాళ్లు. చదువు పుణ్యమా అని ఆ పిల్లాడు ప్యాడ్ పట్టుకుని సొంత అమ్మకి ఎదుటి వైపు నిలబడతాడు. ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా, వార్షికాదాయం ఎంత అని అడుగుతాడు. ఒకసారి పిల్లల వెంట నేనూ వెళ్లాను. అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పి ఒక అవ్వ చివర్లో అడిగింది: "ఇవన్నీ రాసుకోనిపోయి ఏం చేస్తారు నాయనా?" మావాడు "ప్రాజెక్టు అవ్వా" అన్నాడు. ఆమెకి అర్థమైపోయింది. తలుపు దగ్గరకేసి లోపలికెళ్లింది.

మా అనంతపురం నేల మీదే ఇలాంటి ఇంటింటి సర్వేనే ఇంకోలా జరిగింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ వెంటే రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. తనిఖీకి వెళ్లింది ఆడిటర్లు కాదు. కూలి కుటుంబాల్లో కాస్త చదువుకున్న యువతీ యువకులకి కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి చేతిలో మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) నకళ్లు పెట్టారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి అడిగేవాళ్లు: "ఈ వారం నువ్వు ఆరు రోజులు పనిచేసినట్టు ఇక్కడుంది. చేసినావా? చేతికెంత వచ్చింది?" టేపు పట్టుకుని గుంత లోతు కొలిచేవాళ్లు. రికార్డులో ఉన్నదీ నేల మీద ఉన్నదీ పక్కపక్కన రాసి, మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందు, కూలీల ముందు పైకి చదివేవాళ్లు. చనిపోయినవాళ్ల పేరు మీద కూలి డబ్బులు పడ్డ సంగతులు అలాగే బయటికొచ్చాయి. తేలిన సొమ్ములో తిరిగి రాబట్టింది కొంతే, అది వేరే బాధ. కానీ జిల్లా అధికారి కూర్చున్న వేదిక ముందు మైకు పట్టుకుని అంకెలు చదివిన పిల్ల మర్నాటి నుంచి పంచాయతీ ఆఫీసు గడప తొక్కడానికి భయపడుతుందా?

చేతిలో ఫారం, ఇంటింటికీ తిరగడం రెండుచోట్లా ఉన్నవే. ఒకచోట ప్రశ్న జనం మీదికి వెళ్తుంది. రెండోచోట జనంతో కలిసి ఖజానా మీదికి వెళ్తుంది. మన విశ్వవిద్యాలయాలు మొదటి దానికి క్రెడిట్లు ఇస్తున్నాయి. రెండోది మాత్రం సిలబస్ బయట, డిగ్రీతో పని లేకుండా, కూలీల పిల్లలు నేర్చుకున్నారు.

"ముందు ఉద్యోగం రానీయండి సార్, తర్వాత చూద్దాం పౌర బాధ్యత" అని తల్లిదండ్రులు అంటారు. ఇంటిల్లిపాదిలో మొదటి డిగ్రీ వాళ్ల పిల్లలది. ఆ మాటని తీసిపారేసే హక్కు నెలనెలా జీతం తీసుకునే నాకు లేదు. కానీ ఉద్యోగమే ఇప్పుడు మునుపటిలా లేదు కదా. సెలవులొస్తే మా విద్యార్థులు బెంగళూరు వెళ్లి డెలివరీ బ్యాగు తగిలించుకుంటారు. వీళ్లని గిగ్ వర్కర్లుగా మొదటిసారి చట్టంలో నిర్వచించింది 2020 నాటి సామాజిక భద్రత కోడ్. యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వీళ్ల సంక్షేమానికి కట్టాలని అందులో ఉంది. దాంతో కలిపి నాలుగు లేబర్ కోడ్‌లూ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. ఉద్యోగంలో చేరినవాళ్లకి నియామక పత్రం ఇచ్చి తీరాలి. గడువు పెట్టి తీసుకున్న ఉద్యోగికి ఏడాది నిండితే గ్రాట్యుటీ రావాలి. ఈ కోడ్‌లు కార్మికులకి మేలా కీడా అన్నదాని మీద యూనియన్లకీ ప్రభుత్వానికీ పడటం లేదు. ఆ వాదన క్లాసులో జరగాలి. జరిగేదేమిటంటే, ప్లేస్‌మెంట్ శిక్షణకి వచ్చినాయన టై ఎలా కట్టుకోవాలో, "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే ఏం చెప్పాలో నేర్పి వెళ్తాడు. బాండ్ మీద సంతకం పెట్టేముందు ఏ లైను చదవాలో ఎవరూ చెప్పరు.

అంతదాకా ఎందుకు, విద్యార్థికి ఎదురయ్యే మొదటి అధికారం కాలేజీయే. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి ఆలస్యమవుతాయి. కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుతుంది. పిల్లాడు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడతాడు. బకాయి పడింది ప్రభుత్వం, రావాల్సింది కాలేజీకి, టెన్షన్ మాత్రం ఇద్దరి లెక్కలోనూ లేని మూడోవాడికి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018లోనే చెప్పింది. ఆ నోటిఫికేషన్ ప్రింటు తీసి కిటికీలో పెట్టిన విద్యార్థిని నేను చూడలేదు. తెలిసిన లీడర్‌తో ఫోన్ చేయించినవాళ్లని చాలామందిని చూశాను. అడిగితే రాదు, చెప్పిస్తే వస్తుంది. మూడేళ్లలో ఏ సబ్జెక్టు మర్చిపోయినా ఈ పాఠం మర్చిపోడు. రేపు రేషన్ కార్డుకైనా, పట్టాదారు పాస్‌బుక్కుకైనా ఇదే దారి పడతాడు.

యాజమాన్యాన్ని నిలదీసే విద్యార్థి సంఘం ఉంటే కొంత మేలు. 61వ రాజ్యాంగ సవరణతో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది, 1989 నుంచి అమలైంది. తమాషా ఏమిటంటే ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయింది దాదాపు అప్పుడే, 1980ల చివర్లో. కారణం హింస. అది అబద్ధం కాదు, హత్యలూ జరిగాయి. కానీ 2006లో విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ ఖర్చుకీ వయసుకీ హాజరుకీ పరిమితులు పెట్టి ఎన్నికలు ఎలా నడపాలో చెప్పింది, సుప్రీంకోర్టు అమలు చేయమంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. మిగతా చాలా క్యాంపస్‌లలో పార్టీల అనుబంధ సంఘాలున్నాయి, ఓట్లేసి ఎన్నుకున్న ప్రతినిధులు లేరు. అసెంబ్లీకి ఎవరిని పంపాలో తేల్చేవాడు తన హాస్టల్ మెస్ కమిటీని ఎన్నుకోవడానికి పనికిరాడని మనం నమ్ముతున్నట్టేగా.

సీఎస్పీకే వస్తాను, ఎందుకంటే చేతిలో ఉన్నది అదే. కొత్త పథకం అక్కర్లేదు, కొత్త జీవో కూడా అక్కర్లేదు. 180 గంటల్లో ముప్పై గంటలు ఊరి లెక్కలకి ఇస్తే చాలు. పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయి, దేనికి ఖర్చు పెట్టారు, ఆ కాలువ నిజంగా ఉందా. సమాచార హక్కు దరఖాస్తుకి మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. రాజకీయం అవుతుందేమోనని ప్రిన్సిపాళ్లు జంకుతారు. అవుతుంది. ఊళ్లో డబ్బు లెక్క అడిగితే రాజకీయం కాక ఇంకేమవుతుంది?

మా వాడొకడు పోయిన బ్యాచ్‌లో ఈ పని చేశాడు. బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడు కొన్నారు, ఏ వీధుల్లో చల్లారు అని పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు పెట్టాడు. మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. రెండో వారం వాళ్ల నాన్నని పిలిచి "మీవాడికి ఇవన్నీ ఎందుకు" అన్నారు. వాడు వెనక్కి తీసుకోలేదు. చట్టం ఇచ్చిన 30 రోజుల గడువు చివర్లో రెండు పేజీల జవాబు వచ్చింది. అప్పటికి మార్కులు యూనివర్సిటీకి వెళ్లిపోయాయి, లాగ్‌బుక్ బీరువాలో ఉంది. స్టాఫ్ రూమ్‌లో బల్ల మీద ఆ కాగితం పరిచి వేలితో ఒక్కో వీధి పేరూ చదివాడు. వాళ్ల వీధి దగ్గర ఆగాడు. పోయిన ఏడాది మూడుసార్లు చల్లినట్టు ఉంది.

"ఇప్పుడు బిల్లుల నకళ్లు అడగొచ్చా సార్?" అన్నాడు. తెల్లకాగితం కోసం సొరుగు లాగాను.