మార్కులేసింది ఎవరు?

ముఖం ఫొటో పెడితే పదికి ఇన్ని మార్కులని చెప్పే యాప్‌లు ఇప్పుడు నెల్లూరు కాలేజీ పిల్లల ఫోన్లలోకీ వచ్చేశాయి. ఎనిమిది వస్తే స్టేటస్ పెట్టుకుంటారు, ఐదు వస్తే ఎవరికీ చెప్పరు. ఆ మార్కులు ఎవరు వేశారని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

యంత్రానికి అందం గురించి సొంతంగా ఏమీ తెలియదు. ముందు మనుషులు వేల ఫొటోలకు మార్కులేస్తారు, వాటిని చూసి అది నేర్చుకుంటుంది. ఈ రంగంలో పరిశోధకులు బాగా వాడే ఒక డేటాసెట్ (ఇలా మార్కులేసిన ఫొటోల కట్ట) 2018లో చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి వచ్చింది. అందులో 5,500 ముఖాలు: 4,000 ఆసియా వాళ్లవి, 1,500 తెల్లవాళ్లవి. ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేసింది 60 మంది. అలాంటి లెక్కతో కావలి అమ్మాయి చామనచాయను తూస్తే తేలేది ఆ అరవై మంది ఇష్టాలకు ఆమె ఎంత దగ్గరగా ఉందనేదే. 2016లో యంత్రాలే జడ్జీలుగా బ్యూటీ.ఏఐ అనే పోటీ పెట్టారు. సుమారు 6,000 మంది ఫొటోలు పంపితే గెలిచిన 44 మందిలో ముదురు రంగు మనిషి ఒక్కరే. మన పెళ్లిళ్ల పేరయ్యలు ఇంకాస్త నయం!

అందాన్ని కొలవడం ప్రకాశం జిల్లాకు కొత్త కాదు. ఒంగోలు గిత్తను చూసే రైతు మూపురం నిటారుగా ఉందా, గంగడోలు మడతలు పడి వేలాడుతోందా, కొమ్ములు పొట్టిగా ఉన్నాయా అని చూస్తాడు. ఏ లక్షణం ఎందుకు కావాలో అతనికి తెలుసు. అదే జాతి బ్రెజిల్ వెళ్లి నెలోర్ అయ్యాక మాంసం కోసం పెంచడం మొదలైంది, ఏరుకునే లక్షణాలూ మారాయి. అక్కడ అవసరాన్ని బట్టి కొలత. ముఖానికి 1.618 అనే బంగారు నిష్పత్తి (పొడవు వెడల్పుకు అన్ని రెట్లు ఉంటేనే అందమనే లెక్క) అంటగట్టే క్లినిక్‌ల ప్రకటనల్లో ఆ అవసరం ఎవరిదో మనకు తెలిసిందే. ఆ నిష్పత్తికి గట్టి ఆధారాలూ లేవు.

అలాగని ముఖాల మీద పరిశోధన అంతా ఉత్తిదే అనలేం. 1990లో లాంగ్లాయిస్, రోగ్‌మన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కంప్యూటర్‌లో 16, 32 ముఖాలను కలిపి సగటు ముఖాలు తయారు చేస్తే, విడి ముఖాల కంటే అవే బాగున్నాయని చూసినవాళ్లు అన్నారు. కళ్లకు అలవాటైన పోలిక నచ్చుతుందనుకుంటే ఇందులో వింతేమీ లేదు. మరి ఎవరి కళ్లకు ఏం అలవాటు? 2015లో కవలల మీద జరిగిన అధ్యయనంలో, ఎవరికి ఏ ముఖం నచ్చుతుందనే తేడాలకు జన్యువుల కంటే సొంత అనుభవాలే పెద్ద కారణమని తేలింది. ఒకే పోలికతో పుట్టిన కవలలకే అభిరుచులు కలవకపోతే ఊరందరికీ ఒకే స్కోరు ఎలా కుదురుతుంది?

రంగు పిచ్చి యాప్‌లతో మొదలవలేదు, నిజమే. పెళ్లి బయోడేటా కోసం స్టూడియోలో తీయించిన ఫొటోలు చూడండి. ముఖం, మెడ తెల్లగా మెరుస్తుంటాయి, కొంగు పట్టుకున్న చెయ్యి మాత్రం అసలు రంగులోనే ఉండిపోతుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఆ తేడా పట్టేస్తారు. ఫోన్‌లో వచ్చిన అంకెను పట్టుకునేదెవరు?

అందుకే యాప్ పెట్టినవాళ్లు ఎవరి ముఖాలతో, ఎవరి మార్కులతో దానికి నేర్పారో మొదటి పేజీలోనే చెప్పాలి. ఈలోపు స్కోరు తగ్గిందని ముక్కు సరిచేయించుకుంటానని టెన్షన్ పడే పిల్లలుంటే, ఐదడుగుల దూరం నుంచి ఇంకొకరితో ఫొటో తీయించి మళ్లీ పెట్టమనండి. అడుగు దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్క కట్టారు.