కార్డినల్ అంటే ఎరుపు కాదు

మొన్న డిసెంబరులో కాజీపేట వెళ్లినప్పుడు, ఒహాయోలో మా పెరట్లో వాలిన ఎర్రపిట్ట ఫోటో పక్కింటి అక్కకు చూపించాను. దాని పేరు కార్డినల్ అన్నాను. అక్క ప్రతి ఆదివారం ఫాతిమానగర్ చర్చికి వెళ్తుంది. "మా కార్డినల్ పేరు పిట్టకెందుకు పెట్టిన్రు తమ్మీ?" అంది. క్యాథలిక్ చర్చిలో పోప్ తరువాతి పెద్ద హోదా పేరు కూడా కార్డినలే. ఆమె మాట హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంథోనీ గారి గురించి. 2022 ఆగస్టులో కార్డినల్ అయిన తొలి తెలుగువారు ఆయన.

"ఎర్రగుంటది గదా అక్కా" అని తేల్చేశాను. మన తెలుగు బడిలో పిల్లలకు చెప్పేదీ అంతే. అబద్ధం కాదు గానీ, అది కథలో ఆఖరి ముక్క.

మర్నాడు పరకాల దగ్గర మా ఊళ్లో తాతల నాటి ఇల్లు తెరిచాం. ఆ తలుపులకు ఇనుప బందులు లేవు. చెక్కకే కిందొక మొన, పైనొక మొన. కిందిది రాతి గుంటలో, పైది దర్వాజా కొయ్యలోని రంధ్రంలో కూర్చుని తిరుగుతాయి. కిర్రుమంటే నానమ్మ ఆముదం పోసేది. లాటిన్‌లో ‘కార్డో’ అంటే ఆ మొనే. రోమన్ల తలుపులూ అలాగే తిరిగేవి. తలుపంతా దేని మీద తిరుగుతుందో అదే ముఖ్యం కాబట్టి ‘కార్డినాలిస్’ అంటే ముఖ్యమైనది అయింది. చర్చిలో ఇంకో అర్థం కూడా కలిసింది. గుంటలో మొన కూర్చున్నట్టు ఒక చర్చికి కుదిరిపోయిన గురువు, అంటే ఫాదర్, కార్డినల్. రోమ్‌లోని ముఖ్యమైన చర్చిల గురువులకు అది బిరుదుగా నిలిచింది. ఈనాటికీ ఒక ఫాదర్‌ను ఒక మేత్రాసనానికి (బిషప్ కింద ఉండే ప్రాంతానికి) చేర్చడాన్ని ‘ఇన్‌కార్డినేషన్’ అనే అంటారు, వరంగల్ మేత్రాసనంలోనైనా సరే.

ఎరుపు తరువాత వచ్చింది. 1245 ప్రాంతంలో పోప్ నాలుగో ఇన్నోసెంట్ కార్డినల్స్‌కు ఎర్రటోపీ ఇచ్చారు. అమెరికాకు వలస వచ్చినవాళ్లు ఎర్రగా, తలమీద కుచ్చుతో ఉన్న పిట్టను చూసి ఆ పేరు పెట్టేశారు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలోకీ అది ఎక్కింది. ఇప్పుడది ఒహాయోతో కలిపి 7 రాష్ట్రాల పక్షి. ఒళ్లంతా ఎరుపు మగపిట్టకే, ఆడది ఎక్కువగా గోధుమ రంగు. ఫోన్లో ఆ సంగతి చెబితే అక్క "అండ్ల గూడ గంతేనా!" అని నవ్వింది.

మన తెలుగు బడి కమిటీలో ఒకరు పిల్లల పేజీకి ఈ పిట్ట పేరును ‘రక్తవర్ణ పక్షి’ అని అనువదిద్దామన్నారు. నాకు నచ్చలేదు. అలా రాస్తే తలుపూ పోతుంది, ఫాదరూ పోతారు, రంగొక్కటే మిగులుతుంది. పైగా పెరట్లో పిట్టను చూసి ఏ పిల్లాడూ ఆ మాట అనడు. మనం బస్సును, రైలును అలాగే ఉంచుకోలేదా? నేనైతే కార్డినల్ అనే రాసిచ్చాను, పక్కన మా ఊరి తలుపు ఫోటో పెట్టి.