సూపర్ కండక్టర్ తీగ: కొలిమి పనిని చిన్నచూపు చూడొద్దు

2023లో ఎల్‌కే-99 పేరు మారుమోగిన రోజులు గుర్తున్నాయా? గది ఉష్ణోగ్రతలోనే పనిచేసే సూపర్ కండక్టర్, అంటే నిరోధమే లేకుండా కరెంటును పారనిచ్చే పదార్థం, దొరికేసిందని సోషల్ మీడియా ఊగిపోయింది. కొన్ని వారాల్లోనే పలు దేశాల ల్యాబ్‌లు కాదని తేల్చాయి. కొత్త పదార్థం అనగానే మనకు కలిగే ఉత్సాహంలో పదో వంతైనా, ఉన్న పదార్థాన్ని పనికొచ్చే తీగగా మలిచే లోహశాస్త్రం మీద ఉండదు. నన్ను బాధపెట్టేది అదే.

ఆసుపత్రిలో ఎంఆర్ఐ స్కానర్ల అయస్కాంతాలు ఎక్కువగా నియోబియం-టైటానియం తీగతోనే నడుస్తున్నాయి. అది 1960ల నాటి మిశ్రమలోహం. మైనస్ 264 డిగ్రీల దాకా చల్లబడితే తప్ప నిరోధం పోదు. అయినా ఇన్నేళ్లుగా నిలిచిందంటే ఆ ఘనత కొలిమిదే.

బలమైన అయస్కాంత క్షేత్రం ఈ లోహంలోకి సన్నని దారాల్లా చొరబడుతుంది. కరెంటు పారినప్పుడు ఆ దారాలను పక్కకు నెడుతుంది. అవి కదిలితే వేడి పుట్టి, నిరోధం తిరిగొస్తుంది. కాబట్టి పశువును గుంజకు కట్టేసినట్టు వాటిని కట్టేయాలి. ఆ గుంజలు పాతడమే లోహశాస్త్రం పని.

తీగను సాగదీస్తూ, మధ్యమధ్యలో 400 డిగ్రీలకు అటూఇటూగా పదుల గంటలు వేడిచేస్తారు. టైటానియం రేణువులు విడివడి స్ఫటికాల అంచుల్లో పేరుకుంటాయి. మళ్లీ సాగదీస్తే కొన్ని నానోమీటర్ల మందం రిబ్బన్లవుతాయి. ఆ చలిలో కూడా ఇవి సూపర్ కండక్టర్లు కావు, అందుకే అయస్కాంత దారాలు వాటికి చిక్కుకుంటాయి. అంటే కావాలని పెట్టిన లోపమే కరెంటును కాపాడుతోంది!

ఇక్కడో చిక్కుంది. తీగలో నియోబియం-టైటానియం సన్నని పోగులుగా, చుట్టూ రాగితో ఉంటుంది. వేడికి ఆ రాగి, టైటానియంతో కలిసి గట్టి గడ్డలు కడుతుంది. సాగదీసేటప్పుడు పోగు సరిగ్గా అక్కడే సన్నబడి తెగిపోతుంది. అందుకని పోగుగా సాగదీయబోయే ప్రతి కడ్డీకీ ముందే పలుచని నియోబియం రేకు చుడతారు. జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ సొరంగంలో 1232 పెద్ద అయస్కాంతాల్లో ఉన్నవి ఇలాంటి 6, 7 మైక్రాన్ల పోగులే. తలవెంట్రుకలో పదో వంతు!

మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నియోబియం తయారుచేస్తుంది. అయినా మన ఇళ్లలో మెటలర్జీ అంటే కంప్యూటర్ సైన్స్ సీటు రానివాళ్లు చదివే బ్రాంచే.

1987లో వచ్చిన వైబీసీఓ అనే సిరామిక్ సూపర్ కండక్టర్ 90 కెల్విన్లు (సుమారు మైనస్ 183 డిగ్రీలు) దాటినా నిరోధం లేకుండా పనిచేసింది. కానీ పక్కపక్క స్ఫటికాలు కొన్ని డిగ్రీలు పక్కకు తిరిగినా కరెంటు దారుణంగా పడిపోతుంది. వాటిని కిలోమీటర్ల పొడవునా ఒకే వరసలో నిలబెట్టి టేపు చేయడానికి దశాబ్దాలు పట్టింది.