డెబ్భై ఏళ్ళ ఆఫీసు, ఒక టేకు బల్ల

మా వకీలు ఆఫీసుకి డెబ్భై ఏళ్ళు నిండాయి. సావనీరు వేస్తున్నారు. "సంస్థ ఎదుగుదల, సంస్కృతి అన్న అంశం మీద మీరే రాయాలి, మీరు సీనియర్‌మోస్ట్ జూనియర్ కదా" అన్నారు. 1989లో చేరిన దగ్గర్నుంచీ నేను జూనియర్‌నే కాబట్టి కాదనలేకపోయాను. రాసిచ్చాను. కమిటీ వారు చదివి "పరిశీలనలో ఉంది" అన్నారు. కోర్టుల చుట్టూ ఇన్నేళ్ళు తిరిగినవాడికి ఆ మాటకి అర్థం ఒకరు చెప్పక్కర్లేదు. అందుకని ఇక్కడ వేసుకుంటున్నాను.

1954 జూలైలో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు గుంటూరుకి వచ్చింది. రాజధాని కర్నూలుకి, హైకోర్టు మనకి. ఆ ఏడాదే మా ఆఫీసు పెట్టిన పెద్దాయన గుంటూరు బ్రాడీపేటలో ఒక అద్దె ఇంటి వరండాకి బోర్డు కట్టి, హైకోర్టు పేరు మెరిసేలా వెయ్యి లెటర్‌హెడ్లు కొట్టించారు. మూడొందలన్నా ఖర్చు కాకముందే 1956 నవంబరు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, హైకోర్టు హైదరాబాదు వెళ్ళిపోయింది. పెద్దాయన వెళ్ళలేదు. మిగిలిన ఏడొందల కాగితాల వెనకవైపు ఆఫీసంతా 1971 దాకా చిత్తు రాసుకుంది. పొదుపు అనే గొప్ప విలువ మా సంస్కృతిలోకి ప్రవేశించింది అలాగే.

వరండాలో పార్టీల కోసం ఒక టేకు బల్ల ఉండేది. పార్టీలంటే రాజకీయ పార్టీలు కాదు, కేసులున్నవాళ్ళు. సత్తెనపల్లి, నరసరావుపేట, బాపట్ల వైపు నుంచి మొదటి బస్సుకి క్యారేజీ పట్టుకుని దిగేవారు. బల్ల మీద కూర్చునేవారు. కోర్టుకి వెళ్ళేవారు. మధ్యాహ్నానికి మళ్ళీ వచ్చి అదే బల్ల మీద క్యారేజీ విప్పుకునేవారు. "ఇవాళ మన కేసు పిలవలేదయ్యా" అని గుమాస్తా గారు చెప్పాక సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవారు. ఆ బల్లకి వార్నిష్ వేయించిన ఖర్చు మా లెక్కల్లో ఎక్కడా లేదు. అయినా అద్దంలా మెరిసేది.

గుమాస్తా గారి గురించి ఒక పేరా రాయకపోతే పాపం. పెద్దాయనకి ఇంగ్లీషు తెలుసు, గుమాస్తా గారికి లా తెలుసు. ఏ బెంచి క్లర్కు ఏ పూట ఏ మూడ్‌లో ఉంటాడో, ఏ అమీనాకి సమన్లు ఇస్తే అవతలివాడు "ఇంట్లో లేడు" అవుతాడో, కాపీ అప్లికేషను ఏ రోజు వేస్తే త్వరగా కదులుతుందో ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆయన చొక్కా జేబులో ఉండేది. వకీళ్ళు కేసుల కోసం దళారుల్ని పెట్టుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు. మేమెవర్నీ పెట్టుకోలేదు. గుమాస్తా గారికి పొద్దున్నే బస్టాండులో కాఫీ తాగే అలవాటుండేది, అంతే.

తరవాతి ముప్ఫై ఏళ్ళ ఎదుగుదల గురించి నాలుగు ముక్కలు చాలు. 1961 అడ్వకేట్ల చట్టంతో, అప్పటిదాకా వేరు వేరు తరగతులైన ప్లీడర్లూ అడ్వకేట్లూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. 1975లో, ఎవరికెంత భూమి ఉందో లెక్క చెప్పుకునే భూపరిమితి డిక్లరేషన్లు వచ్చాయి. వాటి మీద మెట్లు కట్టాం. 1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కొచ్చింది. అన్నదమ్ములు ఆడపడుచుల ఇళ్ళకి పసుపు కుంకుమలతో పాటు కోరాకాగితాలు పట్టుకెళ్ళారు, ఆ సంతకాలు పట్టుకుని ఆడపడుచులు మా దగ్గరికొచ్చారు. 1989 ఏప్రిల్లో చెక్కు బౌన్సు నేరమైంది. ప్రోనోటు సంగతి సరేసరి. అప్పిచ్చినవాడు మూడేళ్ళ లోపు దావా వెయ్యాలి, లేదా కొంత బాకీ కట్టినట్టు నోటు మీద చెల్లు వేయించుకోవాలి. మిర్చి ఘాటులో ఆ తేదీ మర్చిపోయినవాళ్ళ మీద మా రెండో అంతస్తు లేచింది.

ఇక సంస్కృతి. నేను చేరిన రోజున పెద్దాయన కొడుకు భుజం మీద చెయ్యేసి "ఇది ఆఫీసు కాదు నాయనా, కుటుంబం" అన్నారు. కుటుంబంలో జీతాలుండవని నాకు నెలాఖరున అర్థమైంది. సంక్రాంతికి మాత్రం ప్యాంటు గుడ్డ పెట్టేవారు, నల్లది. ఇలాంటి విషయాల్లో బార్ కౌన్సిల్ ఊరికే కూర్చోదు. 2024 అక్టోబరులో, జూనియర్లకి నెలకి పట్టణాల్లో 20,000, పల్లెల్లో 15,000 రూపాయలు ఇవ్వడం మంచిదని సిఫారసు చేసింది. మా ఆఫీసు వెంటనే స్పందించింది. గుంటూరు పట్టణమా, పల్లెటూరా అని తేల్చడానికి ఉపసంఘం వేసింది. ఉభయ పక్షాల వాదనలూ ముగిశాయి, నిర్ణయం రిజర్వులో ఉంది.

కుటుంబం కాబట్టి 1998లో కుటుంబాల్లాగే విడిపోయింది కూడా. పెద్దాయన కొడుకులు ఇద్దరన్నదమ్ములు. వేల మందికి పంపకాలు చేసిన ఇల్లు, తమ పంపకం పద్ధతిగా జరగాలనుకున్నారు. కుర్చీలు, బీరువాలు, పార్టీలు అన్నీ సగం సగం. లా రిపోర్టులే చిక్కు పెట్టాయి. చివరికి బేసి సంవత్సరాల సంపుటాలు తమ్ముడు గారికి, సరి సంవత్సరాలవి మాకు అని ఒప్పందమైంది. ఆ తరవాత చాలా కాలం మేం సరి సంవత్సరాల తీర్పులే ఉదహరించాం. తమ్ముడు గారు అవతలి పక్షానికి నిలబడితే బేసి సంవత్సరాలతో కొట్టేవారు. ఒకసారి జడ్జిగారు "మీ ఇద్దర్నీ కలిపి వింటే గానీ చట్టం పూర్తి కావడం లేదే" అన్నారు.

బల్ల మా వాటాకొచ్చింది.

2019 జనవరి 1న రాష్ట్రానికి హైకోర్టు మళ్ళీ విడిగా ఏర్పడింది. ఆ ఏడే అమరావతిలోని నేలపాడు చేరింది. అరవై రెండేళ్ళ తరవాత గుంటూరు జిల్లాకి పోయిన సొమ్ము దొరికినట్టయింది. పెద్దాయన మనవడు, అంటే మా చిన్నాయన, అప్పటికే బెంగుళూరులో అయిదేళ్ళ లా కోర్సు చదివి, బొంబాయిలో రెండేళ్ళు చేసి వచ్చారు. కొత్త లెటర్‌హెడ్లు కొట్టిద్దామన్నారు. ఈలోగా 2020లో మూడు రాజధానుల చట్టం, హైకోర్టు కర్నూలుకన్నారు. 2021లో ఆ చట్టమే వెనక్కి పోయింది. ఆ మధ్యకాలంలో మా ఆఫీసు ఒక్క లెటర్‌హెడ్ కొట్టించలేదు. చిత్తు రాసుకునే అలవాటు ఇప్పటి పిల్లలకి లేదు కదా.

తరవాత అద్దాల తలుపులొచ్చాయి. పేరు చివర 'అసోసియేట్స్' వచ్చింది. కాఫీ మిషనొచ్చింది, గుమాస్తా గారి కొడుకు 'ఆపరేషన్స్ హెడ్' అయ్యాడు. 'పార్టీ' అనకూడదని సర్క్యులర్ వచ్చింది, 'క్లయింట్' అనాలట. రెండు నెలలకి అదీ మారి 'స్టేక్‌హోల్డర్' అయింది. చిలకలూరిపేట నుంచి వచ్చిన రైతుని రిసెప్షన్ అమ్మాయి అలా పిలిస్తే ఆయన గాభరా పడి, నా మీద కొత్త కేసేమన్నా పెట్టారా అని నన్నడిగాడు.

వకీలు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. బోర్డు కూడా సమంజసమైన సైజులోనే ఉండాలి. మా బోర్డు అలాగే ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చదవాలి. చిన్నాయన పుట్టినరోజుకి జూనియర్లు సెంటర్లో కట్టే ఫ్లెక్సీ మాత్రం రెండంతస్తులుంటుంది. అది ప్రకటన కాదు, అభిమానం. వెబ్‌సైటు పెట్టుకోవడానికి 2008లో అనుమతి వచ్చింది, పేరూ అడ్రసూ చదువూ వంటి వివరాల వరకే. మా సైటు తెరవగానే ఒక పెట్టె వస్తుంది, "నన్నెవరూ పిలవలేదు, నా అంతట నేనే వచ్చాను" అని ఒప్పుకుంటేనే లోపలికి వెళ్ళనిస్తుంది. గుమాస్తా గారు బస్టాండులో సరిగ్గా ఇదే మాట ఒప్పించి మరీ రిక్షా ఎక్కించేవారు.

వేగం కూడా బాగా పెరిగింది. వాయిదా తేదీ తెలుసుకోవడానికి ఇప్పుడు సత్తెనపల్లి నుంచి రానక్కర్లేదు, ఫోన్లో మెసేజి వస్తుంది. విచారణలో ఒక్కో పక్షానికి మూడు వాయిదాలకి మించి ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 2002 నుంచీ ఉంది. మేం దాన్ని అక్షరాలా పాటిస్తాం. నాలుగోసారి నుంచి అడిగేదాన్ని వాయిదా అనం, 'టైము' అంటాం.

మొన్న డెబ్భై ఏళ్ళ వేడుక రోజున రిసెప్షన్లో ఆ టేకు బల్లకి పాలిష్ పెట్టి, చుట్టూ ఎర్ర తాడు కట్టి, 'మన వారసత్వం, 1954' అని ఇత్తడి రేకు కొట్టారు. కింద చిన్న అక్షరాల్లో 'దయచేసి కూర్చోరాదు'. సత్తెనపల్లి దగ్గర గట్టు తగాదా పార్టీ ఒకాయన తాడు పక్కన నిలబడి ఉన్నాడు. తాత వేసిన దావా, తండ్రి నడిపాడు, ఇప్పుడు ఈయన తిరుగుతున్నాడు. సోఫాలు అపాయింట్‌మెంట్ ఉన్నవాళ్ళకట.

"ప్లీడరు గారూ, మా తాత కూర్చున్న బల్ల ఇదేనా అండీ?"

"ఇదే."

"తాత పదిహేనేళ్ళు, నాన్న పాతికేళ్ళు. పన్నెండేళ్ళు దాటితే అనుభవం హక్కొస్తుందని మీరేగా చెప్పారు. దీని మీద మాకేమన్నా వస్తుందేమో చూడండి."

అది స్థిరాస్తికయ్యా, బల్ల చరాస్తి కిందకొస్తుంది అన్నాను.

ఆయన బల్లని కాసేపు చూసి, "నలభై ఏళ్ళలో కదిలింది లేదు కదండీ" అన్నాడు.