ఎవరి చేతిలో ఎంత బరువు?

భౌతికశాస్త్రం ఇంకా కనిపెట్టని లోహం ఒకటి మన సినిమావాళ్ల దగ్గర ఉంది. చూడడానికి అచ్చం బంగారమే, తూకానికి మాత్రం అట్టపెట్టె. పాఠ్యపుస్తకాల్లో బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములని రాసి పిల్లలచేత బట్టీ పట్టిస్తున్నాం. ఆ పిల్లలే సాయంత్రం తెర ముందు కూర్చుని చదివినదంతా మరిచిపోతున్నారు.

సూట్‌కేసు సీను మీకు తెలిసిందే. విలన్ డెన్‌లో పెట్టె మూత తెరుచుకుంటుంది, అంచుల దాకా బిస్కెట్లు, హీరో ముఖం మీద పచ్చని వెలుగు. పెట్టె 50 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 15 లోతు అనుకుందాం. పెద్దదేమీ కాదు, రెండు రోజుల పెళ్లికి బట్టలు సర్దుకునేంత. లోపల 26 లీటర్ల చోటుంటుంది. నిండా బంగారం పేరిస్తే 500 కిలోలు దాటుతుంది, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఇరవై. హీరో ఆ ఇరవై బస్తాలను ఎడమచేత్తో అందుకుని, కుడిచేత్తో హీరోయిన్ నడుము పట్టుకుని గోడ దూకుతాడు. పెట్టె పిడి ఊడదు, ఆయన భుజం జారదు. పెట్టెను బైకు ట్యాంకు మీద పెట్టుకుని కిక్కు కొడితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది! తరిమే జీపుల్లో గ్రాము బంగారం లేకపోయినా అవే పల్టీలు కొడతాయి. చివరికి పెట్టె వంతెన మీంచి నదిలో పడుతుంది. బిస్కెట్లు కాసేపు తేలి, కెమెరా దగ్గరికొచ్చాక, నేపథ్య సంగీతానికి తగినట్టు నిదానంగా మునుగుతాయి.

దర్శకులకు నా మనవి ఒక్కటే. పెట్టెలో వెండి పెట్టండి. ఘన సెంటీమీటరుకు 10.5 గ్రాములే కాబట్టి 275 కిలోలతో సరిపోతుంది, హీరోగారికి కాస్త ఊపిరాడుతుంది. కొత్తదనం కోసం ప్లాటినం జోలికి మాత్రం పోకండి. అది 21.45. అదే పెట్టె 560 కిలోలు దాటుతుంది, ఆయన డేట్లు పాడవుతాయి.

ఇక విలన్ నాణ్యత చూసే పద్ధతి. బిస్కెట్టు కొరికి, పంటి గాటు చూసి, 'అసలు సరుకే' అంటాడు. సీసం బంగారం కన్నా మెత్తన, కాబట్టి ఆ పరీక్షలో మొదటి ర్యాంకు సీసానికే. చేతిలో ఎత్తి చూసినా బండారం బయటపడేది, ఎందుకంటే సీసం 11.3 మాత్రమే. అసలైన మోసగాడు వాడేది టంగ్‌స్టన్. అది 19.25, ఆర్కిమెడిస్ స్వయంగా తొట్టెలో ముంచి చూసినా తికమక పడేవాడు. ఇంత చక్కని లోహాన్ని మన విలన్లు ఇంకా గుర్తించలేదు. కథారచయితలు నగల కొట్టుకు వెళ్లి నాలుగు రోజులు కూర్చుంటే చాలా నేర్చుకోవచ్చు.

ఎందుకంటే అసలు గారడీ అక్కడ జరుగుతుంది. తెరమీద బంగారానికి బరువుండదు, కొట్టులో బరువున్నదంతా బంగారమే. తూకం యంత్రాన్ని గాజు పెట్టెలో పెడతారు. ఫ్యాను గాలికి అంకె కదలకూడదని తలుపు మూస్తారు. కుర్రవాడు ఊపిరి బిగబట్టి మిల్లీగ్రాములు చదువుతాడు. ఆ నిష్ఠ చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. తూగుతున్నది మాత్రం కెంపులు, పూసలు, లోపల దట్టించిన లక్క, వాటిని పట్టుకుని ఉన్న కాస్త బంగారం.

40 గ్రాముల హారంలో రాళ్లూ లక్కా 8 గ్రాములు అనుకుందాం. తరుగు 18 శాతం అన్నారు. 32 గ్రాముల మీద అయితే 5.76 గ్రాములు. మొత్తం 40 మీద వేస్తే 7.2. రాళ్లకు తరుగేమిటి? లక్క అరిగిందా? అసలు బంగారానికైనా అంత తరుగు ఎక్కడిది? ఆకురాయి పెట్టినప్పుడు రాలిన పొడిని ఎవరూ ఊడ్చి పారేయరు, మళ్లీ కరిగిస్తారు. కంసాలి కొట్టు ముందు మట్టిని కడిగి బంగారం ఏరుకుని బతికినవాళ్లున్న దేశం ఇది. హాల్‌మార్కు నగ బిల్లులో బంగారం నికర బరువు వేరుగా రాయాలని నిబంధన ఉంది. అడిగి చూడండి, 'మేడమ్‌కు కూల్‌డ్రింక్ తెండి' అంటారు.

అదే హారం జూన్‌లో విత్తనాలకూ ఎరువులకూ తాకట్టుకు వెళ్తుంది. గీటురాయి మీద గీస్తారు, భూతద్దం పెడతారు. రాళ్లు తీసేశారు, లక్క తీసేశారు, దారం తీసేశారు, అనుమానానికి ఇంకో గ్రాము తీసేశారు. అప్పటికి అందరికీ సాంద్రత గుర్తొస్తుంది! కట్టిన తరుగు ఊసు లేదు, మజూరీ ఊసు లేదు, ఆ మొత్తం మీద కట్టిన 3 శాతం జీఎస్టీ ఊసు అసలే లేదు. కొన్ననాడు బంగారం ధర పలికిన రాయి ఆ బల్ల మీద ఉత్త రాయి. మెడలోంచి తీసి ఇచ్చిన మనిషి నోరెత్తితే 'రూల్సమ్మా' అంటారు. ఏ రూలు? కొనేటప్పుడు ఆ రూలు ఎక్కడ పడుకుంది? మిల్లీగ్రాములు చదివిన ఆ గాజు పెట్టె పక్కనే నిలబడి, 8 గ్రాముల రాళ్లూ లక్కా ఏ లెక్కన బంగారమయ్యాయో కొట్టు యజమాని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. కూల్‌డ్రింక్ అక్కర్లేదు.